దానానికి ముందు విచారణ: క్లీవ్‌లాండ్ ఊరి నిధి తొలి ఏళ్లు

(డొక్కా సీతమ్మ స్మారకోపన్యాస పాఠం)



డొక్కా సీతమ్మ గారి స్మృతికి చేసే ఉపన్యాసంలో దానం గురించి కాక మరో సంగతి మాట్లాడటం తగదు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసేదాకా ఆ తల్లి గోదావరి పాయలు దాటి వచ్చిన బాటసారికల్లా వేళ కాని వేళ కూడా అన్నం పెట్టారు. ఆమె పేరు ఇవాళ వైనతేయ మీది అక్విడక్టుకు ఉంది, ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఉంది. ఆ కీర్తిని మీకు నేను గుర్తు చేయనక్కర్లేదు. ఆమె దానంలోని ఒక లక్షణాన్ని మాత్రం ఈ సాయంత్రం మనసులో ఉంచుకోమని కోరుతున్నాను. అక్కడ పెట్టే మనిషి, తినే మనిషి ఒకే అరుగు మీద ఎదురెదురుగా ఉన్నారు. వచ్చినవాడు ఎప్పుడు తిన్నాడో, పసిపిల్ల ఉందో, ముసలితల్లి ఉందో ఆమె కళ్లారా చూసేవారు. చూడటం, పెట్టడం రెండూ ఒకే పనిగా జరిగేవి.

దాత వెళ్లిపోయి ఆస్తి మిగిలినప్పుడు ఈ రెండు పనులూ విడిపోతాయి. పెట్టడానికి సొమ్ము ఉంటుంది, చూడటానికి ఆ కళ్లు ఉండవు. ఆ కళ్ల స్థానంలో ఏముండాలి అన్నదే నా ప్రశ్న. దానికి ఒక మంచి సమాధానం సీతమ్మ గారు పోయిన అయిదేళ్లకు, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న క్లీవ్‌లాండ్ నగరంలో దొరికింది. ప్రపంచంలో మొట్టమొదటి ఊరి నిధిగా, అంటే కమ్యూనిటీ ఫౌండేషన్‌గా, లెక్కకు వచ్చే సంస్థ అక్కడే పుట్టింది. దాని తొలి పదేళ్ల పనిలో మనం నేర్చుకోదగ్గది చాలా ఉందని నా నమ్మకం.

1

ముందు అసలు ఇబ్బందిని చూద్దాం. 1851లో సెయింట్ లూయిస్ నగరంలో బ్రయన్ ముల్లాంఫీ అనే పెద్దమనిషి చనిపోయారు. ఒకప్పుడు ఆ నగరానికి మేయరు. తన ఆస్తిలో మూడో వంతు, పడమటి ప్రాంతాల్లో స్థిరపడటానికి ఆ ఊరి మీదుగా పోయే పేద వలసదారులకు, ప్రయాణికులకు సాయంగా ఖర్చు పెట్టమని వీలునామా రాశారు. రాసిన నాటికి అది కంటి ముందున్న కష్టాన్ని చూసి రాసిన వీలునామా. గూడు బళ్ల మీద కుటుంబాలు దారి పట్టి పోతున్న రోజులవి. తర్వాత రైళ్లు వచ్చాయి, పడమటి ప్రాంతాలు జనంతో నిండాయి, ఆ సాయం కోరే బాటసారులు అరుదైపోయారు. సొమ్ము మాత్రం ఉండిపోయింది. ఊళ్లో వేరే కష్టాలు ఎన్ని ఉన్నా, ఆ సొమ్ము చూపు పడమటి దారి మీదే ఉండవలసి వచ్చింది.

ఇది పరాయి దేశపు ముచ్చట అనుకోకండి. మద్రాసులో పచ్చయ్యప్ప మొదలియార్ 1794లో చనిపోతూ దేవాలయాలకు, దానధర్మాలకు పెద్ద ఆస్తి రాశారు. నిర్వాహకుల అశ్రద్ధ, తగాదాలు, ఆ పైన అప్పటి మద్రాసు సుప్రీంకోర్టు జోక్యం, ఇవన్నీ గడిచి, మిగులు సొమ్ముతో బడి తెరుచుకునేసరికి 1842 వచ్చింది. ఆ బడే తర్వాత పచ్చయ్యప్ప కళాశాల అయి, మన తెలుగువాళ్లు కూడా ఎందరో అక్కడ చదువుకున్నారు. ఫలం గొప్పది. కాని దాని కోసం అర్ధ శతాబ్దం కాచుకోవలసి వచ్చింది. ఇక మన సత్రాల సంగతి. కాలినడకన కాశీకి, రామేశ్వరానికి పోయేవాళ్ల కోసం మజిలీ మజిలీకి కట్టించిన సత్రాల్లో ఎన్నో రైలు వచ్చాక బోసిపోయాయి. భూములు, శాసనాలు ఉన్నాయి, బాటసారే లేడు. ఆ దాతల్లో ఎవరిదీ తప్పు కాదు. రాబోయే వందేళ్లను ముందుగా చూడగలిగిన మనిషి ఏ కాలంలోనూ లేడు.

2

క్లీవ్‌లాండ్‌లో ఈ ఇబ్బందిని పట్టించుకున్న మనిషి ఫ్రెడరిక్ హారిస్ గాఫ్. 1858లో పుట్టారు, వృత్తిరీత్యా న్యాయవాది, 1908 నుంచి క్లీవ్‌లాండ్ ట్రస్ట్ కంపెనీ అనే బ్యాంకుకు అధ్యక్షులు. వీలునామాలు రాయించడం, అవి కాలం చెల్లి పనికిరాకుండా పోవడం, రెండూ వృత్తిలో ఆయనకు కొత్త కాదు. 1914 జనవరి 2న ఆ బ్యాంకు డైరెక్టర్లు ఆమోదించిన తీర్మానంతో క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ ఏర్పడింది. అప్పటికి కార్నెగీ కార్పొరేషన్ వచ్చి మూడేళ్లు, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వచ్చి ఏడాది. అవి ఒక్కొక్క కుబేరుడి సొమ్ముతో లేచిన సంస్థలు. గాఫ్ ఊహించింది వేరు. ఊళ్లో చిన్నా పెద్దా ఆస్తిపరులు ఎవరైనా తమ వీలునామాలో కొంత ఈ నిధికి రాయొచ్చు. అసలును బ్యాంకు కాపాడుతుంది. దాని మీద వచ్చే ఆదాయాన్ని ఎవరికి ఇవ్వాలో తేల్చేది బ్యాంకు కాదు, వేరే ఒక కమిటీ.

ఆ కమిటీలో అయిదుగురు. ఇద్దరిని బ్యాంకు నియమిస్తుంది. మిగిలిన ముగ్గురిలో ఒకరిని నగర మేయరు, ఒకరిని వీలునామాల వ్యవహారాలు చూసే ప్రొబేట్ కోర్టు న్యాయమూర్తి, ఒకరిని ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి నియమిస్తారు. సభ్యులు ఆ ఊరివారే అయి ఉండాలి, ఊరి అవసరాలు తెలిసినవారై ఉండాలి. ఆడవారైనా మగవారైనా సరే. ఒకే మతశాఖకు చెందినవారు ఇద్దరికి మించకూడదు. రాజకీయ పదవిలో ఉన్నవారు, ఆ పదవికి పోటీపడేవారు పనికిరారు. ఒహాయోలో స్త్రీలకు ఇంకా ఓటు లేని 1914లో ఈ మాటలు రాశారని గమనించండి.

దాత పెట్టిన షరతు కాలంతో పాటు అసాధ్యమైతేనో అనవసరమైతేనో, ఆ సొమ్మును మరో మంచి పనికి మళ్లించే అధికారం కూడా ఆ కమిటీకి ఉంది. కోర్టుకు పోనక్కర్లేదు, యాభై ఏళ్లు ఆగనక్కర్లేదు. పోయినవారి సొమ్ము మీద బతికున్నవారి మాట చెల్లుబాటు కావాలన్నది గాఫ్ పట్టుదల. ఊరి నిధుల చరిత్ర రాసినవారు సాధారణంగా ఈ అధికారాన్నే ఆయన ప్రధాన ఆవిష్కరణగా చెబుతారు. నాకు అది సగం మాటగానే కనిపిస్తుంది.

3

మిగిలిన సగం తొలి ఏళ్ల పనిలో ఉంది. నిధి అయితే ఏర్పడింది, ఇవ్వడానికి మాత్రం డబ్బు లేదు. వీలునామా రాసినవాళ్లు హాయిగా బతికే ఉన్నారు, వాళ్లు బతికి ఉండటమే కదా అందరికీ కావలసింది. చెప్పుకోదగ్గ ఆదాయం చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. అలాంటప్పుడు ఎవరైనా బోర్డు తగిలించి కాచుకుని కూర్చుంటారు. గాఫ్ కూర్చోలేదు. సొమ్ము వచ్చేలోగా ఊరిని చదవాలన్నారు. సర్వేలు మొదలయ్యాయి.

ఆ ఊరు ఎలాంటిదో కొంచెం చెప్పాలి. 1910 జనాభా లెక్కల్లో క్లీవ్‌లాండ్‌లో 5,60,663 మంది, అమెరికాలో ఆరో పెద్ద నగరం. పదేళ్లలో అది 7,96,841కి పెరిగింది. ఉక్కు కర్మాగారాలు, చమురు శుద్ధి, బట్టల కుట్టు పరిశ్రమ. 1910లో ప్రతి ముగ్గురిలో ఒకరు వేరే దేశంలో పుట్టినవారు: హంగేరీ, పోలండ్, బొహీమియా, స్లొవేనియా, ఇటలీల నుంచి కూలి కోసం వచ్చినవాళ్లు. ఒక వీధి భాష పక్క వీధికి తెలియదు. అలాంటి ఊరి కష్టాలు బ్యాంకు గదిలో కూర్చుంటే వాటంతటవే తెలిసిరావు.

మొదటి విచారణ పేదల సహాయం మీదే. ప్రభుత్వం ఏమిస్తోంది, ప్రైవేటు సంఘాలు ఏమిస్తున్నాయి అని చూశారు. రెండోది, అన్నిటికన్నా పెద్దది, బడుల మీద. 1915లో రసెల్ సేజ్ ఫౌండేషన్‌కు చెందిన లెనార్డ్ ఎయిర్స్ దానికి నాయకత్వం వహించారు. ఫలితం 25 సంపుటాలు. ఆ సంపుటాల విషయాలు విన్నా చాలు, ఆ విచారణ ఎంత దగ్గరగా చూసిందో తెలుస్తుంది. బడి భవనాల మీద ఒకటి, ఉపాధ్యాయుల మీద ఒకటి, పిల్లల ఆరోగ్యం మీద ఒకటి, ఇంటి పనుల చదువు, బడిలో మధ్యాహ్న భోజనం కలిపి ఒకటి, వలస కుటుంబాల పిల్లలకు బడి ఏం చేస్తోందన్న దాని మీద ఒకటి, గ్రంథాలయాలకూ బడులకూ ఉన్న సంబంధం మీద ఒకటి. అక్కడితో ఆగలేదు. బడి వదిలిన పిల్ల ఎక్కడికి పోతుంది, ఎంత సంపాదిస్తుంది అని బట్టల కుట్టుపని, టోపీల తయారీ, లోహపు పని, అచ్చుపని, ఇళ్ల కట్టుబడి, రైళ్లు ట్రాములు, పెద్ద దుకాణాల కొలువులు, వీటన్నిటి మీదా సంపుటాలు వేశారు. బడి గురించి అడిగిన ప్రశ్నకు సమాధానం కోసం కుట్టుమిషన్ల దగ్గరికీ అచ్చుయంత్రాల దగ్గరికీ పోవడం, అదీ 1915లో, మెచ్చుకోదగ్గ సంగతి. నివేదికలను దాచుకోలేదు. ఒక్కొక్కటే సభ పెట్టి ఊరికి వినిపించారు, అచ్చేశారు. 1917లో ఆ బడులకు కొత్త సూపరింటెండెంట్‌గా ఫ్రాంక్ స్పాల్డింగ్‌ను తెచ్చుకుని, సంస్కరణల దారి పట్టారు.

తర్వాత తీరిక వేళల మీద, ఆటస్థలాల మీద మరో విచారణ జరిగింది. తప్పుదారి పట్టిన పిల్లలు ఖాళీ సమయం ఎలా గడుపుతున్నారన్నదే ఒక సంపుటం. దీన్ని తేలిగ్గా దాటేస్తున్నాను, ఎందుకంటే నాలుగోదాని దగ్గర ఎక్కువసేపు ఆగాలి.

1920లో ఆ నగరంలో ఒక హత్య జరిగి, మునిసిపల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి మీదే నేరారోపణ వచ్చింది. హత్యానేరం రుజువు కాలేదు గాని, అబద్ధపు సాక్ష్యం విషయంలో ఆయనకు శిక్ష పడింది. న్యాయస్థానాల మీద జనానికి నమ్మకం పోయింది. అప్పటికి ఫౌండేషన్ డైరెక్టరు రేమండ్ మోలీ, తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ సలహాదారుగా పేరుపొందిన మనిషి. నేరవిచారణ వ్యవస్థ మొత్తాన్ని పరిశీలించడానికి హార్వర్డ్ న్యాయ కళాశాల అధిపతి రాస్కో పౌండ్‌ను, అక్కడి ఆచార్యుడు, తర్వాత అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను పిలిచారు. పోలీసులు, ప్రాసిక్యూటర్లు, కోర్టులు, జైళ్లు, న్యాయవాదుల చదువు, వీటితో పాటు పత్రికలనూ పరిశీలించారు. 1922లో నివేదిక పుస్తకంగా వచ్చింది. పత్రికల భాగంలో ఒక లెక్క ఉంది. 1919 జనవరి మొదటి సగంలో క్లీవ్‌లాండ్ పత్రికలు నేరవార్తలకు ఇచ్చిన చోటు 925 అంగుళాలు. రెండో సగంలో అది 6,642 అంగుళాలు. మరి పోలీసులకు అందిన నేరాల సంఖ్య? 345 నుంచి 363కి పెరిగింది, అంతే. నేరాలు పద్దెనిమిది పెరిగితే వార్తలు ఏడు రెట్లు పెరిగాయి. ఊరు భయపడింది నేరాన్ని చూసి కాదు, పత్రికను చూసి. స్కేలు పట్టుకుని వార్తల పొడవు కొలిచిన ఆ ఓపికకు నేను నమస్కరిస్తాను. ఏ దాతా తన వీలునామాలో ఇలాంటి పనికి డబ్బు రాసి ఉండడు.

4

ఇప్పుడు నా వాదానికి వస్తాను. సొమ్మును మళ్లించే అధికారం, ఊరిని విచారించే అలవాటు, ఈ రెండింటినీ చరిత్రకారులు విడివిడిగా చెబుతారు. డబ్బు రాక ఆలస్యమైంది కాబట్టి సర్వేలు చేశారు అన్నట్టు. నేనైతే రెండూ ఒకే ఏర్పాటులోని భాగాలంటాను. ఒకదాన్ని తీసేస్తే రెండోది నిలబడదు.

కారణం ఇది. పోయిన దాత షరతును మార్చడం చిన్న అధికారం కాదు, అది మామూలుగా న్యాయస్థానానిది. మన దేశంలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షను కింద కోర్టుకు పోవాలి. ఏయే పరిస్థితుల్లో ట్రస్టు మూల ఉద్దేశాన్ని మార్చవచ్చో 1976 సవరణ అందులో స్పష్టంగా చేర్చింది. మీలో న్యాయవాదులు ఉన్నారు, నాకంటే బాగా చెప్పగలరు. కోర్టు ఆ అధికారాన్ని వాడితే మనం ఎందుకు ఒప్పుకుంటాం? న్యాయమూర్తి గొప్పవాడని కాదు. కోర్టు సాక్ష్యం వింటుంది, ఎదుటి పక్షం వాదిస్తుంది, తీర్పుకు కారణాలు రాసి బహిరంగంగా చదువుతుంది. గాఫ్ ఆ అధికారాన్ని కోర్టు నుంచి తీసి అయిదుగురు ఊరివాళ్ల చేతిలో పెట్టారు. మరి సాక్ష్యం ఎక్కడిది? విచారణే ఆ సాక్ష్యం. అచ్చువేసిన 25 సంపుటాలు, బహిరంగ సభల్లో వినిపించిన నివేదికలు కోర్టు రికార్డు చేసే పని చేస్తాయి. ఫలానా అవసరం తీరిపోయింది, ఫలానా అవసరం తీరలేదు అని ఊరికి రుజువులతో చూపించగలిగిన కమిటీకే దాత మాటను పక్కన పెట్టే హక్కు ఉంటుంది. ఆ రుజువు లేకపోతే మిగిలేది అయిదుగురి ఇష్టాయిష్టాలు. దానికన్నా పోయినవారి షరతే నయం.

విచారణ సొమ్ము కంటే ముందు రావడంలో మరో మేలు ఉంది. పంచడానికి డబ్బు ఉన్న చోట అడిగేవాళ్లు ముందే చేరతారు. అప్పుడు చేసే ఏ పరిశీలనైనా ఎవరికో అనుకూలంగానో వ్యతిరేకంగానో కనిపిస్తుంది, చేసేవాళ్లకూ మొహమాటం ఉంటుంది. చేతిలో ఏమీ లేనప్పుడు చేసిన విచారణకు ఆ బెడద లేదు. దీనికి ఆ ఫౌండేషన్ చరిత్రే సాక్ష్యం. గాఫ్ 1923లో చనిపోయారు, మోలీ అదే కాలంలో వేరే కొలువుకు వెళ్లారు. వీలునామాల సొమ్ము రావడం పెరిగింది. ఆ తర్వాత చాలా ఏళ్లు నిధి పని ఎక్కువగా, అప్పటికే నిలదొక్కుకున్న సంస్థలకు ఏటేటా గ్రాంటులు ఇవ్వడంగా మారింది. ఆ గ్రాంటులు మంచివే. కాని డబ్బు లేని పదేళ్లలో చూపిన ధైర్యం డబ్బు వచ్చాక కొన్నాళ్లు కనిపించలేదు.

5

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, అవి గట్టివే. సీతమ్మ గారి పేరు పెట్టుకున్న సభలో మొదటిది మీ మనసులో ఇప్పటికే మెదిలి ఉంటుంది. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టాలి గాని సర్వే ఏమిటి? ఈ మాటలో పూర్తి నిజం ఉంది. ఆకలికి విచారణ అడ్డం పెట్టే నిధి నిధే కాదు. అయితే క్లీవ్‌లాండ్‌లో రోజువారీ సాయానికి వేరే ఏర్పాటు ఉంది. 1913లోనే అక్కడి ధర్మసంస్థలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడి ఏటేటా చందాలు పోగుచేసి పంచుతున్నాయి. ఊరి నిధి చేయవలసిందల్లా ఆ చందాలకు అందని దాన్ని చూడటం. బడి మానేసిన పిల్ల, తీర్పు కోసం నెలల తరబడి పడి ఉన్న ఖైదీ, వీళ్లు ఎవరి గుమ్మం ముందుకూ వచ్చి నిలబడరు. గుమ్మం ముందుకు రానివాళ్ల దగ్గరికి మనమే పోవాలి. దాని పేరే విచారణ.

రెండో అభ్యంతరం నమ్మకద్రోహం. దాత ఒకదానికి ఇస్తే మరోదానికి వాడటం ధర్మమేనా? షరతు ముందే చెప్పి తీసుకున్న సొమ్ము కాబట్టి ఇందులో మోసం లేదు. సాధ్యమైనంత కాలం దాత మాటే నడుస్తుంది. ముల్లాంఫీ గారినే లేపి అడగగలిగితే, ఖాళీ దారికి కాపలా కాయమని చెబుతారా?

మూడోది నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. ఆ కమిటీ ఎవరిది? బ్యాంకు ఇద్దరిని పెడితే, అధికారులు ముగ్గురిని పెట్టారు. ఉక్కు కొలిమి దగ్గర పనిచేసే స్లొవేనియా కూలికి అందులో చోటు లేదు, అతను ఎవరినీ నియమించనూ లేడు. పైగా ట్రస్టు సొమ్ము కాపాడినందుకు బ్యాంకుకూ లాభం ఉంది. ఈ విమర్శను నేను తోసిపుచ్చలేను. కొంత జవాబు తర్వాతి ఊళ్లు ఇచ్చాయి. 1915లోనే చికాగో, బోస్టన్, మిల్వాకీ, మినియాపొలిస్ ఈ దారి పట్టాయి. 1916లో ఇండియానాపొలిస్‌లో మూడు ట్రస్టు కంపెనీలు కలిసి నిధి పెట్టడంతో ఒకే బ్యాంకు పట్టు తప్పింది. కాని పుచ్చుకునేవారికి కమిటీలో కుర్చీ అన్న ప్రశ్న అప్పుడు తేలలేదు. అచ్చులో వచ్చిన నివేదిక ఎవరైనా చదివి ప్రశ్నించగలరన్నది ఒక్కటే ఊరట. అందుకే విచారణ బహిరంగంగా ఉండాలని ఇంత పట్టుబడుతున్నాను. పెద్దల కమిటీని అదుపులో పెట్టడానికి ఆ ఊరి సామాన్యుడి చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే.

నివేదికలు అటకెక్కుతాయి కదా అనేవారూ ఉంటారు. ఎక్కుతాయి. నేరవిచారణ నివేదిక సూచించినవన్నీ అమలు కాలేదు. అయినా అది చూసి ఇతర నగరాలు, రాష్ట్రాలు తమ కోర్టులను తాము పరిశీలించుకోవడం మొదలుపెట్టాయి.

6

ఇక మన సంగతి. క్లీవ్‌లాండ్ పేరు తెలుగువారికి ఇవాళ త్యాగరాజ ఆరాధన వల్ల తెలుసు, 1978 నుంచి అక్కడ ఏటా జరుగుతోంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు పుట్టిన ఊళ్లకు ధారాళంగా ఇస్తున్నారు. బడిగదులు, నీటిశుద్ధి యంత్రాలు, కల్యాణ మండపాలు, ఊరి ముఖద్వారాలు. 1997లో జన్మభూమి కార్యక్రమం వచ్చినప్పటి నుంచి ఈ ప్రవాహం ఇంకా పెరిగింది. ఇచ్చేవారి ప్రేమను నేను శంకించను, వేల మైళ్ల దూరంలో ఉండి ఊరిని మరవకపోవడం సామాన్యం కాదు. నా బాధ వేరే. అందులో ఎక్కువ భాగం దాత చిన్నప్పుడు చూసిన ఊరికి ఇస్తున్నది. తాను చదువుకున్న బడికి గదులు కట్టిస్తారు. ఈలోగా ఆ బడిలో పిల్లలు తగ్గిపోయి ఉండవచ్చు, పిల్లలంతా పట్నం బడి బస్సు ఎక్కుతూ ఉండవచ్చు, ఊళ్లో మిగిలింది మందులకు, తోడుకు ఎదురుచూసే ముసలివాళ్లు కావచ్చు. బతికున్న దాత కూడా దూరం వల్ల పోయిన దాతలాగే ఊరిని చూడలేకపోతున్నాడు.

కాబట్టి ఊరికో మండలానికో నిధి పెట్టాలని తలపెట్టినవారికి నా సూచనలు ఆచరణకు సంబంధించినవే. మొదటి రెండేళ్ల ఆదాయంతో ఏదీ కట్టకండి. ఊరిని విచారించండి. ఎవరు ఉన్నారు, ఎవరు వెళ్లిపోయారు, ఏ వయసువారు, ఏ పని చేస్తున్నారు, దేనికి అప్పు చేస్తున్నారు. ఆ నివేదికను తెలుగులో అచ్చేసి గ్రామసభలో చదివి వినిపించండి, తప్పులు దిద్దే అవకాశం వాళ్లకు ఇవ్వండి. కమిటీలో దాతల ప్రతినిధులు ఎందరుంటే, ఆ ఊళ్లో కాపురం ఉంటున్నవారు అంతకన్నా ఒకరైనా ఎక్కువ ఉండాలి. వారిలో కూలిపని చేసుకునే స్త్రీ ఒకరు తప్పకుండా ఉండాలి. క్లీవ్‌లాండ్ వదిలేసిన కుర్చీ అది. కొన్నేళ్లకోసారి విచారణ మళ్లీ జరగాలి, దాని ఖర్చు ఆదాయంలోంచి ముందుగానే పక్కన పెట్టాలి, లేకపోతే గ్రాంటుల ఒత్తిడిలో మొదట కోత పడేది దానికే.

ఇదంతా ట్రస్టు డీడులో ఉండాలి. ఒకే ఉద్దేశాన్ని ఇరుకుగా రాస్తే రేపు ట్రస్టీలు ఎంత మంచివారైనా వారి చేతులు కట్టేసినట్టే, మళ్లీ కోర్టు మెట్లెక్కవలసిందే. ఉద్దేశాన్ని విశాలంగా రాసి, అందులో ఏది ఎప్పుడు చేపట్టాలో అచ్చువేసిన విచారణ ఆధారంగా మాత్రమే కమిటీ తేల్చాలని అదే వాక్యంలో చేర్చాలి. ఆ వాక్యం దాత బతికి ఉండగా, దాత సంతకంతో రిజిస్టరు కావాలి. ఈ సభలో దస్తావేజులు రాయడం వృత్తిగా ఉన్నవారు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. ఒక నమూనా డీడు ముసాయిదా వారు తయారు చేసిపెడితే, ఈ ఉపన్యాసం పుస్తకంగా వచ్చినప్పుడు దాన్ని అనుబంధంగా వేయవలసిందని కోరుతూ సెలవు తీసుకుంటాను.